గడప మీద ఎల్సమ్మ

పక్కింట్లో ఎవరో గంజి వారుస్తున్నారు. ఆ వేడి వాసన కిటికీలోంచి వచ్చేసరికి చదువుతున్న పేపరు పక్కన పెట్టేశాను. గంజి వాసనకు ఎవరికైనా అమ్మ గుర్తుకు రావాలి. నాకు మాత్రం ఎల్సమ్మ గుర్తొస్తుంది.

ఎల్సమ్మ స్వీడన్ నుంచి వచ్చిన నర్సు. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో మైపాడు దగ్గర జాలర్లుండే ఒక పట్టపుపాళెంలో, తాటాకుల పాకలో నడిచే చిన్న ఆస్పత్రిలో జీతం లేకుండా పనిచేసేది. ఆడపిల్లనైనా స్కూలు ఫైనలు ముగించి ఇందుకూరుపేటలో ఊరికే ఉన్న నన్ను, ఆమె మాట జాలర్లకూ వాళ్ల మాట ఆమెకూ చెప్పడానికి పెట్టుకున్నారు. నిజానికి ఆమెకు తెలుగు వచ్చు, కాకపోతే పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు. "మీకు జ్వరము కలదా?" అని అడిగితే జ్వరంతో మూలిగేవాళ్లు కూడా నవ్వేవాళ్లు. ఆమె కూడా వాళ్లతో కలిసి నవ్వి, మళ్లీ అదే ప్రశ్న అడిగేది. జవాబు రాబట్టందే వదిలేది కాదు, అంత మొండి మనిషి.

ఒక వేసవిలో పాళెంలో వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. పోలమ్మ అనే ముసలామె మనవరాలు, ఏడాది పిల్ల, కళ్లు లోపలికి పోయి, ఏడవడానికి కూడా ఓపిక లేక పడి ఉంది. ఉప్పు వేసిన పల్చటి గంజి చెంచాతో పోస్తూ ఉండమని ఎల్సమ్మ చెప్పింది. పోలమ్మ ససేమిరా అంది. కడుపు జారుతున్నప్పుడు నీళ్లు పోస్తే ఇంకా జారుతుందని వాళ్ల నమ్మకం. సూది వేస్తే వేసుకోమని, చుక్క మాత్రం పోయనివ్వనని తేల్చి చెప్పింది. పిల్ల తల్లి మూల కూర్చుని ఏడుస్తోంది. అత్త మాట దాటే ధైర్యం ఆమెకు లేదు. నేనూ చెప్పి చెప్పి అలిసిపోయి, ఇక పోదాం రమ్మన్నాను.

ఎల్సమ్మ బయటికి వచ్చినట్టే వచ్చి గడప మీద కూర్చుంది. గడప మీద కూర్చుంటే ఆ ఇంటికి అరిష్టమని అంతకుముందు నేనే ఎన్నోసార్లు చెప్పి లేపాను. ఈసారి ఆమె మరిచిపోయి కూర్చోలేదు. లోపల మగవాళ్లు వలలు భుజాన వేసుకుని వేటకు బయల్దేరుతున్నారు. ఉన్నది ఒకటే వాకిలి. గడప మీద కూర్చున్న ఆడమనిషిని దాటి సముద్రం మీదికి పోయేవాడు ఆ పాళెంలో లేడు.

"లెయ్యమ్మా, పొద్దెక్కతా ఉండాది. మొగోళ్లు యాటకు పోవాల," అంది పోలమ్మ.

"బిడ్డ త్రాగవలెను. పిమ్మట లేచెదను," అంది ఎల్సమ్మ.

ఎవరూ నవ్వలేదు. పోలమ్మ పెద్దకొడుకు అరిచాడు, బతిమాలాడు, చివరికి వల కింద పడేసి తల్లి వైపు తిరిగాడు.

"పోసి చూడుమా. నోరెండగట్టి నువ్వు బాగుచేసిందేముండాది?"

ఎల్సమ్మ చెంచాను పిల్ల తల్లికి ఇవ్వలేదు, పోలమ్మ చేతికే ఇచ్చింది. ముసలామె తిట్టుకుంటూనే పోసింది. పిల్ల కక్కేసింది. మళ్లీ పోసింది. ఎండ వాకిట్లోకి వచ్చేవేళకు పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. బిడ్డ ఏడుపు విని ఇల్లంతా నవ్వడం నేను అక్కడే చూశాను. అప్పుడు లేచింది ఎల్సమ్మ, గౌనుకంటిన ఇసుక దులుపుకుంటూ.

మరుసటి ఏడు ఆమె వాళ్ల దేశం వెళ్లిపోయింది. నర్సు చదువు నేను తర్వాత చదివాను, ఎన్నో ఆస్పత్రుల్లో పనిచేశాను. అన్నిచోట్లా నన్ను నిలబెట్టింది మాత్రం ఆమె మొండితనమే. అది నాకు అబ్బింది, ఆమె లేని ఆ మొదటి వేసవిలో. మళ్లీ అదే జబ్బు, ఇంకో ఇంట్లో ఇంకో బిడ్డ, అదే మాట. నేను దొరసానిని కాదు, రెక్క పట్టి అవతల పారేసినా అడిగేవాళ్లు లేరు. అయినా గడప మీద కూర్చున్నాను. తిట్టారు, మీద నీళ్లు కుమ్మరించారు. లేవలేదు. వాళ్లు ఒప్పుకునేసరికి ఆలస్యమైపోయింది, బిడ్డ దక్కలేదు. ఇంటికొచ్చి కరువుదీరా ఏడ్చాను. మర్నాడు ఆ పక్కింటి పిల్లవాడికి మొదలైందని కబురొచ్చింది. మొహం కడుక్కుని వెళ్లి, వాళ్ల గడప మీద కూర్చున్నాను.