సుక్రుకి తెలివుందని రాసుకున్నారు

పెదబయలు కొండల్లో అబద్ధాలాడ్డానికి కిల్లో సుక్రుని మించినవాడు పుట్టలేదు. మీ ఊళ్ళో ఉన్నాడంటారా, తీసుకురండి, పూట తిరక్కుండా పారిపోతాడు. ఎలుగుబంటిని భుజానేసుకుని సంతకి పోయి, దానిచేతే మిరియాలు తూయించానని సుక్రు చెబుతుంటే బేరానికొచ్చినవాళ్ళు సంచీలు కింద పెట్టి మరీ వినేవారు. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో కూలీలంతా అతనున్న వరసలోకే ఎగబడేవారు. గంగ అతన్ని కట్టుకున్నదీ ఆ కతలు వినే.

ఇప్పుడా కతలే ఆమె కొంప ముంచాయి. కొన్నాళ్ళుగా సుక్రు మతి జారిపోతోంది. ఒకనాడు మిరియం తీగ పాకిన చెట్టు ముందు నిలబడి, "బావా, పొగాకుందా?" అని అడిగాడు. ఊరు పడీ పడీ నవ్వింది. ఇంకోనాడు అంబలి పోస్తున్న గంగనే, "నువ్వు ఎవుల ఆడదానివి?" అన్నాడు. ఊరు మళ్ళీ నవ్వింది. ఆ మొదటిసారి గంగ కూడా నవ్వింది. రెండోసారి అంబలి గిన్నె కింద పెట్టేసింది.

"ముసిలోడికి మతి పోతంది" అని ఎవరికి చెప్పుకున్నా, "నీకూ కతలు అబ్బినాయే, అత్తా" అనేవారు.

అందుకే ముసలివాళ్ళ మతిమరుపు మీద, నీరసం మీద పరిశోధనకి విశాఖ నుంచి డాక్టర్లు వస్తున్నారని తెలిసిన రోజున, గంగ పొద్దున్నే సుక్రుకి తల దువ్వి కూర్చోబెట్టింది. ఇది జబ్బేనని ఒక్క డాక్టరు అంటే చాలు. ఊరు నవ్వడం మానేస్తుంది. తను తోటకి పోయినప్పుడు ఎవరో ఒకరు అతన్ని కనిపెట్టుకుని ఉంటారు.

కానీ ఆ ఊరికో మర్యాద ఉంది. పైనుంచి వచ్చినవాళ్ళు ఒకణ్ణి ప్రశ్న అడిగితే ఊరంతా కలిసి గట్టెక్కించాలి. ఒంటరిగా వదిలేస్తే ద్రోహం. డాక్టర్ గాయత్రి గంగను తప్ప అందరినీ ఇంట్లోంచి పంపించేసింది. వాళ్ళు వెళ్ళి డాక్టరమ్మ వీపు వెనక కిటికీ దగ్గర చేరారు.

"తాతా, మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. పువ్వు, గొడ్డలి, కుక్క."

కాసేపు ఆ మాటా ఈ మాటా అడిగి, "ఇప్పుడు చెప్పండి" అంది.

సుక్రు కళ్ళు ఖాళీగా తిరిగాయి. గంగ లోలోపలే మొక్కుకుంది. సెప్పకు మావా, సెప్పకు. కిటికీలో మేనల్లుడు సోమన్న తన పెళ్ళాం కొప్పులో పువ్వు తాకాడు, గాలిని నరికాడు, చప్పుడు లేకుండా నోరు తెరిచి మొరిగాడు.

"పువ్వు, గొడ్డలి, కుక్క!" అన్నాడు సుక్రు. "ఆ కుక్కే నాకు ఎలుగుని పట్టిచ్చింది, డాక్టరమ్మా..."

ఇక కత సాగింది. గాయత్రి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"ఆళ్ళు సెప్పించారమ్మా," అంది గంగ. "ఆయనకి నా పేరే తెలీదు. అడుగు."

"నీ పేరేటో సెప్పీనా? పెద్దపులి!" అన్నాడు సుక్రు. కిటికీ విరగబడి నవ్వింది.

తర్వాత పిడికిలి బలం చూసే యంత్రం ఇచ్చారు. సుక్రు నొక్కితే ముల్లు చివరిదాకా పోయింది. గంగ నొక్కితే కదిలీ కదలనట్టు కదిలింది. చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి లెమ్మంటే మోకాళ్ళు మొరాయించాయి.

"తాతకేమీ లేదమ్మా. జాగ్రత్తపడాల్సింది మీరు. బాగా నీరసించిపోయారు. ఇకనుంచి నీళ్ళు, కట్టెలు ఆయన్నే తెమ్మనండి."

"ఇన్నావా, అత్తా?" అంటూ సోమన్న బింది తెచ్చి సుక్రు చేతికిచ్చాడు. "బేగి ఎల్లు మావా, డాక్టరమ్మ ఆర్డరు."

గంగ అడ్డుపడేలోగా సుక్రు హుషారుగా కింద నీళ్ళు పారే గెడ్డ దారి పట్టాడు. ఆమెను నడక పరీక్షకని నిలబెట్టేశారు. అదీ అయింది, డాక్టర్లు సామాన్లు సర్దుకున్నారు, సుక్రు మాత్రం రాలేదు. చివరికి గంగే మోకాళ్ళు పట్టుకుని కిందికి దిగింది.

నిండు బింది పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి మర్యాదగా లేచాడు.

"అమ్మా, మా ఇల్లు ఏ పక్కో తెలుసా? మా ఆడమనిషి ఎదురు సూత్తాది."

గంగ బింది నెత్తికెత్తుకుని, అతని చెయ్యి పట్టుకుని ఎక్కసాగింది. మలుపులో జీపు ఎదురొచ్చి ఆగింది. గాయత్రి ఫోను పైకెత్తి ఫొటో తీసింది.

"ఎంత ముచ్చటగా ఉన్నారో! అదేంటమ్మా, మళ్ళీ మీరే మోస్తున్నారు? బింది ఆయనకివ్వండి."

"ఇత్తానమ్మా. ఇల్లెక్కడో ఆయనకి నువ్వు సెప్పు."

గాయత్రి పకపకా నవ్వింది. "ఈ ఇంట్లో ఇద్దరూ ఇద్దరే!" జీపు దుమ్ము లేపుకుంటూ దిగిపోయింది.

"ఆ జీపులో గుంట ఎవులు?" అన్నాడు సుక్రు.

"నీకు తెలివుందని రాసుకున్న డాక్టరమ్మ," అంది గంగ. "నడు."