మా బావకు అంటిన కిర్సనాయిల్ పేరు

మొన్న డిచ్‌పల్లి దాటాక నా పాత కారు ఉన్నట్టుండి బలం తగ్గి, ఎంత తొక్కినా ముందుకు పోనని మొరాయించింది. పది నిమిషాలు ఆపి మళ్లీ తీస్తే ఏమీ ఎరగనట్టు నడిచింది. నిజామాబాద్‌లో ఒక పెద్ద సర్వీసు సెంటరుకు తీసుకుపోతే, అక్కడి మెకానిక్ బానెట్ కూడా ఎత్తకుండా స్టీరింగ్ కింద ఒక వైరు గుచ్చి, లాప్‌టాప్‌లో చూసి, "బండిల ఏం ప్రాబ్లం లేదు అంకుల్, మీ నడుపుడే సరిగ్గ లేనట్టుంది" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నలభై ఏళ్లు ఈ చేతులతో ఇంజన్లు విప్పి బిగించినవాణ్ని, ఆ షెడ్డు అదిరేలా అరిచి బండి తీసుకుని బయటపడ్డాను. కానీ ఇంటికి చేరేలోగా ఆ కోపం ఇంకో దారి పట్టింది. జబ్బు దొరక్కపోతే నడిపేవాడి మీదికి తోసెయ్యడం ఆ మెకానిక్ కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, నేనూ ఒకసారి ఆ పనే చేశాను.

అప్పుడు నేను బోధన్ రోడ్డులోని ఒక షెడ్డులో మెకానిక్‌ని. మా అక్క మొగుడు, అంటే మా బావ, వేల్పూర్‌లో ఒక పసుపు ఆసామి దగ్గర కారు డ్రైవరు. తెల్లని పెట్రోలు కారు, అప్పటికే ముసలిది. ఆ ఏడు దసరా అయిన కొన్నాళ్లకు ఆ కారు దారిలో ఆగడం మొదలుపెట్టింది. నాకు పని నేర్పిన మా ఉస్తాద్ చుట్టాల పెళ్లికి నాందేడ్ పోయిన వారంలోనే ఆసామి, బావ కలిసి దాన్ని షెడ్డుకు తెచ్చారు. నేను కార్బొరేటర్ కడిగాను, ప్లగ్గులు మార్చాను, పాయింట్లు గీకాను, అయినా దాని తిక్క దానిదే. చివరికి బావను అడిగితే, "పెట్రోల్ పోసుకున్నంక కొద్దిసేపు మంచిగనే పోతది బామ్మర్ది, తర్వాత గుంజుడు బంద్ చేస్తది" అన్నాడు.

జబ్బు మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉంది. మెదడున్నవాడెవడైనా అక్కడ ఆగి ఆలోచించేవాడు. నేను మాత్రం నాకున్న అరకొర తెలివంతా వాడి, కొత్త పెట్రోలు పోయగానే నడుస్తోందంటే పాతదాంట్లో ఏదో కలిసిందని తేల్చేశాను. ఆ రోజుల్లో డ్రైవర్లు పెట్రోలు తీసి అమ్ముకుని, బదులు కిర్సనాయిల్ కలుపుతారన్న అనుమానం ప్రతి ఆసామికీ ఉండేది. ఉస్తాద్ లేనప్పుడు నేనే ఉస్తాద్‌నన్న పొగరు ఒకటి, బావ కాబట్టి వెనకేసుకొస్తున్నానని అనుకుంటారేమోనన్న భయం ఒకటి, రెండూ కలిసి నా నోట ఆ మాట అనిపించాయి. కిర్సనాయిల్ కలిసినట్టుందన్నాను, అంతే. ఆసామి అక్కడికక్కడే, పదిమంది చూస్తుండగా, బావ చేతిలోంచి తాళం చెవి లాక్కున్నాడు. బావ నా ముఖం వంక ఒకసారి చూసి, బస్టాండు వైపు నడిచాడు.

కొత్త డ్రైవరు వచ్చాడు, కారు ఆగడం మాత్రం మానలేదు. ఉస్తాద్ తిరిగొచ్చాక పనిముట్లు ముట్టకుండా నన్ను వెనక కూర్చోబెట్టుకుని దాన్ని బోధన్ వైపు తోలాడు. చెరుకు తోటల మధ్య అది ఆగగానే దిగి పెట్రోలు మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది, ఆ వెంటనే బండి స్టార్టయింది. మూతలో గాలి పోయే సన్నని రంధ్రం ఒకటుంటుంది. పసుపు పండించే ఇల్లు, పసుపుకేం కొదువ, దసరా పూజలో ఆ ఇంటి ఆడవాళ్లు బండికి మూతతో సహా దండిగా పూశారు. అది ఎండి రంధ్రంలో గట్టిపడింది. గాలి అందక పెట్రోలు ముందుకు రావడం లేదు, పోయించుకోవడానికి మూత తీసినప్పుడల్లా గాలి దూరి కొద్దిసేపు నడుస్తోంది. ఉస్తాద్ గుండుసూదితో ఆ పసుపు గీకి, మూత నా ఒళ్లోకి విసిరాడు. "మూత ఇప్పి సూడకుండనే మనిషిని దొంగను చేసినవారా?" అన్నాడు.

ఉస్తాదే పోయి ఆసామికి చెప్పాడు. ఆయన నవ్వి, ఇప్పుడున్న డ్రైవరు బాగానే ఉన్నాడులే అన్నాడట. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నా పళ్లు పటపటమంటాయి. కానీ నేనేం చేశాను? వేల్పూర్ పోయి తప్పు నాదని చెప్పానా? లేదు. బోధన్ దగ్గర చెరుకు లారీలకు మోపులు ఎత్తుతున్న బావను చాటుగా కలిసి, తల దించుకుని చెప్పుకుని వచ్చాను. "నేను కలుపలేదని నాకు ఎర్కనే ఉండె, నీకెందుకు ఎర్కలేదా అనే బాధ" అన్నాడు. ఆ తర్వాత ఎవరెంత పిలిచినా స్టీరింగ్ ముట్టలేదు.

నిరుడు బావ పోయాడు. పెద్దకర్మ నాడు నా పక్కన బంతిలో కూర్చున్న వేల్పూర్ పెద్దమనిషి ఒకాయన, ఏ చెడు ఉద్దేశమూ లేకుండానే, "మా కిర్సనాయిల్ డ్రైవర్ మంచోడుండె పాపం" అన్నాడు. నేను తింటున్న విస్తరి వదిలి లేచి, మూత సంగతి, పసుపు సంగతి, నా పాడు నోటి సంగతి అందరికీ వినబడేలా చెప్పాను. గడపలో కూర్చున్న అక్క అంతా విని, "గీ మాట నలుగుర్ల, ఆయన బతికున్నప్పుడు చెప్పకపోతివి" అని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు కిర్సనాయిల్ స్టవ్వులు లేవు, దీపాలు లేవు, సీసా పట్టుకుని వరుసలో నిలబడే పని లేదు, ఆ వాసన ఎలా ఉంటుందో ఇప్పటి పిల్లలకు తెలియనే తెలియదు. వేల్పూర్‌లో మాత్రం మా బావను ఇంకా ఆ పేరుతోనే తలుచుకుంటున్నారు.