అమ్మ పాడని పాట

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం నడుస్తున్నప్పుడు నేను సిరిసిల్లలో డిగ్రీ చదువుతూ ఒక పాటల బృందంతో తిరిగేదాన్ని. బృందాన్ని నడిపేవాణ్ణి అందరం అన్న అనేవాళ్లం. జగిత్యాల సభకు ముందు ఆయన నన్ను పిలిచాడు.

"చెల్లె, మీ అమ్మ బీడీలు చేస్తది గదా. పని చేసుకుంట ఏం పాటలు పాడుతది? గవి పట్టుకరా. మట్టిల పుట్టిన పాట కావాలె మనకు."

మా అమ్మ పాడేది సినిమా పాటలు. చాట ఒళ్లో పెట్టుకుని, పక్కింటి మరమగ్గాల చప్పుడును మించి గొంతెత్తి, రేడియోలో విన్న యుగళగీతాలు ఆడగొంతూ మగగొంతూ తానే అయి పాడేది. ఆ మాట చెప్పడానికి నాకు నామోషీ అనిపించింది. ఇంటికొచ్చి నేనే ఒక పాట రాశాను. బీడీలు చుట్టే తునికాకు, కాయలు కాసిన వేళ్లు, దొర ఉండే గడీ, అన్నీ పెట్టాను. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి నాకు వచ్చిందని అన్నకు చెప్పాను. ఎవరూ అనుమానించలేదు.

జగిత్యాల తర్వాత కోరుట్లలోనూ జనం ఆ పాటను మళ్లీ మళ్లీ పాడించుకున్నారు. అన్న సీడీ మీద 'సేకరణ' అంటూ తన పేరు వేయించుకున్నాడు. నోరు విప్పితే నా అబద్ధమే బయటపడుతుంది. ఊరుకున్నాను.

ఆ తర్వాత టీవీ వాళ్లను వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తానన్నాడు. అమ్మ చేతే పాడించాలట. ఇక దాచలేక అమ్మకు నిజం చెప్పాను.

"నేను పాడేటి వాట్ల ఏం తప్పున్నది బిడ్డా?" అని ఒక్క మాట అడిగింది. మళ్లీ తనే, "సరే, నేర్పు" అంది.

టీవీ వాళ్లు వచ్చి అమ్మ నైలాన్ చీర మార్పించి ముతక చీర కట్టించారు. ఎక్కడిదో పిండి విసిరే ఇసుర్రాయి తెచ్చి ముందు పెట్టారు. అమ్మ పాడింది. అలవాటు కొద్దీ గొంతులో సినిమా పాటల గమకాలు దొర్లాయి.

"గట్ల తిప్పకు అవ్వా, కూలోళ్ల లెక్క పాడు" అన్నాడు అన్న.

"నేను కూలిదాన్నే గదా కొడుకా" అంది అమ్మ.

టీవీలో వచ్చిన రోజు వాడకట్టంతా మా ఇంట్లో చేరింది. తెర మీద పెదాలు అమ్మవి. గొంతు మాత్రం ఎవరిదో, కావాలని బొంగురు చేసుకున్న గొంతు. పక్కింటామె నవ్వింది: "గదేంది వదినె, నీ గొంతు గిట్ల లేదు గదా?"

అమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. నేను అన్నకు ఫోన్ చేసి అడిగాను.

"ఏం చేద్దాం చెల్లె, మీ అమ్మ గొంతు ఒరిజినల్ అనిపిస్తలేదు" అన్నాడు.

రాష్ట్రం వచ్చింది. ఆ పాట ఇప్పటికీ పెళ్లి ఊరేగింపుల్లో వినిపిస్తుంది, జానపదమని. నేను రాశానంటే నవ్వుతారు. అమ్మ మాత్రం టీవీలో వచ్చిన ఆ రోజు నుంచి పాట లేకుండానే బీడీలు చుట్టింది. కొన్నేళ్లకు ధైర్యం చేసి, ఒక్క పాట పాడమని అడిగాను.

"మర్చిపోయిన, బిడ్డా" అంది, ఆకు కత్తిరిస్తూ.

మర్చిపోలేదని నాకు తెలుసు. అయినా మళ్లీ అడగలేదు.