మా అమ్మకు గుడ్లగూబను చూపిన మేడం

మొన్న వాన వెలిశాక చింతపల్లి ఘాట్ ఎక్కుతున్న బస్సులో కిటికీ అద్దం తీశాను. తడిసి మాగిన ఆకుల వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే నాకు సరోజిని మేడం గుర్తొస్తారు. నర్సీపట్నం కాలేజీలో మాకు జువాలజీ చెప్పేవారు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. కూరగాయల బజారుకు వెళ్ళినా మెడలో బైనాక్యులర్స్ వేలాడుతుండేవి.

నేను డిగ్రీ చదువుతుండగా నాన్న గుండెపోటుతో పోయారు. అంతకుముందు సాయంత్రం, గొలుగొండ దగ్గరున్న మా ఇంటి కప్పు మీద గుడ్లగూబ కూసింది. అమ్మ దాన్ని తోలలేదు. అందుకే ఇంత జరిగిందని మా మేనత్త అన్న మాట ఊరంతా పాకింది. అమ్మ సరిగ్గా తినడం మానేసింది. ఆమెను వదల్లేక నేను కాలేజీ మానేశాను. ఎందుకు రావడం లేదో కనుక్కుందామని మేడం మా ఇంటికి వచ్చారు.

"నానే తోల్నేదు మేడంగారూ. ఒక్క రాయి ఇసిరుంటే ఆయన బతికుందురు," అంది అమ్మ.

అదంతా మూఢనమ్మకమని మేడం కొట్టిపారేస్తారనుకున్నాను. ఆమె అమ్మ చేయి పట్టుకుని చెప్పిందంతా విన్నారు. తర్వాత, "ఆదివారం నాతో కొండకి రండమ్మా, మీ అమ్మాయి కూడా వస్తుంది" అన్నారు.

పొద్దున్నే జీపులో వెళ్ళి, రోడ్డు వదిలి వాగు పక్కన నడిచాం. ఎండ నేలకు దిగనంత దట్టంగా ఉన్నాయి చెట్లు. ఇలాంటి పాత చెట్లూ నీళ్ళూ ఉన్నచోటే ఒక పెద్ద రకం గుడ్లగూబ ఉంటుందనీ, ఏళ్ళ తరబడి తిరిగితేగాని తనకు కనబడలేదనీ మేడం గుసగుసగా చెప్పారు. ఒకచోట ఆగి బైనాక్యులర్స్ అమ్మకు ఇచ్చారు. అమ్మ తర్వాత నేనూ చూశాను. కొమ్మ మీద దాదాపు రెండడుగుల గుడ్లగూబ. తల మీద కొమ్ముల్లా పక్కలకు వాలిన ఈకలు, పసుప్పచ్చని ముక్కు, తెల్లని పొట్ట నిండా ముదురు మచ్చలు. కళ్ళు మాత్రం నల్లగా, తడిగా, మనిషి కళ్ళలా ఉన్నాయి. వెనక తొర్రలోంచి తెల్లటి నూగుతో ఒక పిల్ల తల బయటపెట్టింది.

"ఏటి, దీనికీ పిల్లుందే!" అంది అమ్మ.

"ఇది కూస్తే ఆడమనిషి అరిచినట్టే ఉంటుందమ్మా. జనం హడలిపోతారు. అది పిలిచేది దాని జతని."

అమ్మ మేడం వైపు తిరిగింది. "అయితే ఆ రోజు మా ఇంటికొచ్చింది ఆయన కోసం కాదా?"

"కాదమ్మా. అది ఊళ్ళో తిరిగే చిన్న రకం. ఏ ఎలక కోసమో వచ్చుంటుంది."

అమ్మ అక్కడే బండ మీద కూలబడి ఏడ్చింది. నాన్న పోయాక ఆమె గొంతెత్తి ఏడవడం అదే మొదలు. మేడం ఓదార్చలేదు, తొందర పెట్టలేదు; పక్కనే నిలబడ్డారు. కొండ దిగాక, "ఆకలేస్తంది, బేగి ఏదైనా తినిపించవే" అంది అమ్మ. మర్నాడు తనే వచ్చి నన్ను కాలేజీ బస్సెక్కించింది.

మేడం పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నేనూ జువాలజీ చెబుతున్నాను. ఎవరైనా తమ భయం చెప్పుకుంటే, అది తప్పని వెంటనే నిరూపించాలని నా నోరు తొందరపడుతుంది. మేడంని తలుచుకుని ఆగుతాను. ముందు మొత్తం వింటాను. ఆ తర్వాతే, కలిసి వెళ్ళి చూసొద్దాం రమ్మంటాను.