నాన్న పళ్ళు కట్టించుకున్న ఏడాది

మా అమ్మ నవ్వు చాలా అందంగా ఉండేది. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అమ్మది రేపల్లె అవతల, కాలవ నీళ్ళు తాగే ఊరు. మాది గురజాల నుంచి మాచర్ల పోయే దారిలో బస్సు దిగి, ఇంకా చాలా దూరం నడవాల్సిన ఊరు. మా బోరింగు నీళ్ళలో ఫ్లోరిన్ ఉందని గవర్నమెంటు వాళ్ళు సీసాల్లో పట్టుకుపోయి ఎప్పటికో చెప్పారు. వాళ్ళు చెప్పేదేముంది, మా నోళ్ళు చూస్తే చాలదా? అక్కడ పుట్టి ఆ నీళ్ళతో పెరిగిన ప్రతివాడికీ గార పళ్ళే. కొందరికి పసుపు చారలు, కొందరికి మాడిన అట్టు రంగు. నాన్నవి రెండో రకం, నావీ అంతే. బొగ్గుతో తోమినా, ఇటుకపొడితో తోమినా చిగుళ్ళు చిట్లడమే గానీ గార కదిలేది కాదు. అది పైన పట్టింది కాదు మరి, పంటితో పాటు పుట్టింది.

అందుకని మా వైపు ఒక పద్ధతి ఉండేది. కాలవ ఊళ్ళకి పిల్లను చూడ్డానికి పోయేటప్పుడు, బండి దిగక ముందే పెద్దవాళ్ళు పెళ్ళికొడుకుని హెచ్చరించేవాళ్ళు. "ఒరేయ్, నోరు తెరవమాక. ఏవడిగినా తలకాయ ఊపు, అంతే."

నాన్న ఊపాడు. పళ్ళెంలో పెట్టిన అరిసెల్ని కూడా మూతి ముడుచుకునే నమిలాడట. అమ్మ వాళ్ళ నాన్న మురిసిపోయి, మాట తక్కువ మనిషి దొరికాడు, నెమ్మదస్తుడు అని ఊరంతా చెప్పుకున్నాడు. పెళ్ళిలో తలంబ్రాలు పోసుకుంటుంటే అమ్మ దోసిలి జారి బియ్యం ఆయన ముక్కు మీద పడ్డాయి. నాన్న ఉండబట్టలేక పెద్దగా నవ్వేశాడు. అమ్మ ఆ నోరు మొదటిసారి అప్పుడు చూసింది, మూడు ముళ్ళూ పడ్డాక.

"మోసం చేసి కట్టబెట్టారు," అనేది అమ్మ. అందులో అబద్ధం లేదు. కానీ మోసం చేసిన పెద్దలు చుట్టలు కాల్చుకుంటూ హాయిగా తిరిగారు, శిక్ష మాత్రం తల ఊపినవాడికి పడింది.

అమ్మ కేకలు వేసే మనిషి కాదు. అరిచి పోట్లాడే ఆడవాళ్ళంటే ఆవిడకి చిన్నచూపు. ఆవిడ నవ్వేది, అంతే. నాన్న ఏదైనా సంతోషంగా చెబుతూ నోరు తెరిస్తే, చెప్పేది వినకుండా ఆ పళ్ళ వంకే చూస్తూ తన తెల్లటి పళ్ళన్నీ కనపడేలా నవ్వేది. సగం మాట దగ్గర నాన్న నోరు మూసుకునేవాడు. నేను నవ్వినా ఊరుకునేది కాదు. "మూసుకోవే, నీది మీ నాయన నోరే," అనేది. నాకప్పుడు పదేళ్ళుంటాయేమో.

పళ్ళు చాలవన్నట్టు నాన్నకి నిద్ర ఒకటి. పొట్టి మెడ, లావాటి మనిషి. ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోయేవాడు. పంచాయితీలో పెద్దమనిషిగా పిలిస్తే తీర్పు చెప్పాల్సిన వేళకి గురక పెట్టేవాడు. మంగలి ముందు కూర్చుని నిద్రపోయి చెవి కోయించుకున్నాడు. ముద్ద చేతిలో పట్టుకుని, నోట్లో పెట్టుకోకుండానే కళ్ళు మూసేవాడు. తాగుతాడని కొందరు, బద్ధకమని కొందరు అనేవారు. ఆయన జన్మలో కల్లు ముట్టలేదు. తెల్లారకముందే పొలంలో ఉండేవాడు.

ఆ గురక కూడా మామూలుది కాదు. పెద్దగా వచ్చి వచ్చి టక్కున ఆగేది. ఊపిరి ఉండేది కాదు, రొమ్ము మాత్రం ఎగిరెగిరి పడేది. చూస్తున్నవాళ్ళకి భయం పుట్టే దాకా అలా ఉండి, నీళ్ళలో నుంచి పైకి తేలినవాడిలా ఒక్కసారి గుటకేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఎండాకాలం మధ్యాహ్నాలు మా వసారాలో ఆడవాళ్ళు చేరి మిరపకాయలకి తొడిమలు తీస్తుంటే, పక్కనే నులక మంచం మీద నాన్న నిద్రపోయేవాడు. అమ్మ చెయ్యెత్తి అందరినీ ఊరుకోమనేది.

"ఆగింది, చూడండి... ఆగింది... ఇంకా రాలా... ఆ, వచ్చాడు మొగుడు!"

ఆడవాళ్ళు పడీపడీ నవ్వేవారు. పిల్లలకి అదొక ఆట. నాన్న ఊపిరి ఆగగానే మేమందరం ముక్కులు మూసుకునేవాళ్ళం, ఎవరు ఎక్కువసేపు ఉంటారో చూద్దామని. ఎప్పుడూ ఆయనే గెలిచేవాడు.

ఆ ఏడాది మా చిన్నాన్న పెళ్ళికి నరసరావుపేట నుంచి ఫోటోలు తీసేవాణ్ణి పిలిపించారు. మా ఇంట్లో అప్పటిదాకా అమ్మా నాన్నా కలిసి ఉన్న ఫోటో లేదు, వాళ్ళ పెళ్ళికి ఎవరూ తీయించలేదు. పెళ్ళికొడుకు అన్నావదినలు రమ్మని పిలిస్తే నాన్న కొత్త కండువా సర్దుకుని, అమ్మ పక్కన నిలబడ్డాడు. సంతోషంలో నోరు మూసుకోవడం మర్చిపోయాడు. అమ్మ మోచేత్తో నెట్టింది. "ఆ నోరేసుకోని నా పక్కన నిలబడమాకయ్యా. బొమ్మ చెడుద్ది." పందిట్లో అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వి, పక్కకి తప్పుకున్నాడు.

ఆ సాయంత్రం గేదెలకి కుడితి పెడుతూ నన్నడిగాడు. "ఏమే, పళ్ళు మారిస్తే మీ అమ్మ నాతో ఫోటో దిగుద్దంటావా?"

దిగుతుందనే అన్నాను. పదేళ్ళ పిల్ల ఇంకేం చెబుతుంది? ఆయనకి కావలసింది అదొక్కటే. మనిషికి ఇంత చిన్న కోరిక ఉండకూడదు, దాన్ని తొక్కడం మరీ సులువు.

నరసరావుపేటలో కొత్తగా ఒక పళ్ళ డాక్టరు ఆస్పత్రి పెట్టాడు. కాలితో తొక్కితే పైకి లేచే కుర్చీ, అద్దాల బీరువాలో వరసగా సున్నంతో పోసిన దవడల అచ్చులు. డాక్టరు చిన్న కమ్మీతో నాన్న పళ్ళని ఒక్కొక్కటే తట్టి చూశాడు.

"ఇవి రాళ్ళండీ. ఒక్కటీ పుచ్చలేదు. ఏం బాధ?"

"రంగండీ."

"రంగు పోదు. పుట్టుకతో వచ్చింది."

"అయితే పీకండి."

డాక్టరు మొదట కాదన్నాడు, పాపమన్నాడు. మీరు పీకకపోతే వీధిలో కూర్చుని పీకేవాడి దగ్గరికి పోతానని నాన్న అన్నాక, నవ్వేసి సూదిమందు తీశాడు. వారం వారం బస్సెక్కి పోవడం, మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని రావడం. అంత గట్టి పళ్ళు తేలిగ్గా ఊడతాయా? ఒకదానికైతే డాక్టరు మోకాలు ఆనించి లాగాడట. ఆ సంగతి నాన్న గొప్పగా చెప్పుకున్నాడు.

చిగుళ్ళు మానేదాకా ఆగాలన్నారు. ఆ నెలలన్నీ జావే. బుగ్గలు లోపలికి పోయి, గడ్డం ముక్కు దగ్గరికి వచ్చి, నలభై దాటని మనిషి ముసలాడైపోయాడు. అమ్మకి కొత్త ఆట దొరికింది. "తాతగారికి జావ పొయ్యవే," అనేది నాతో. ఇంటికొచ్చినవాళ్ళ ముందు కూడా తాతగారనే అనేది. నాన్న గిన్నె తీసుకుని గోడ వైపు తిరిగి తాగేవాడు.

చివరికి పళ్ళ సెట్టు వచ్చింది. పింగాణీ తెలుపు, గీత గీసినట్టు ఒకే వరస. మా ఊళ్ళో ఎవరికీ లేని పళ్ళు. జనం వచ్చి చూసి పోయారు. మాట్లాడితే ఈల వచ్చేది, జొన్న రొట్టె కొరికితే పైసెట్టు రొట్టెతోపాటు ఊడి వచ్చేది. పండుమిరప పచ్చడి సెట్టు కిందికి చేరి చిగుళ్ళు భగభగమండుతుంటే కళ్ళలో నీళ్ళు కారుతూనే తినేవాడు. అయినా అద్దం ముందు నిలబడి పెదాలు సాగదీసి చూసుకునేవాడు. ఆయన అద్దం చూసుకోవడం నేను అంతకుముందు ఎరగను.

నిద్రపోయేటప్పుడు తీసి నీళ్ళలో వేయాలని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పినవాటిలో అమ్మ పట్టించుకున్నది ఇదొక్కటే. నాన్న మంచం మీద నడుం వాలిస్తే చాలు, గ్లాసు పట్టుకుని వచ్చి చెయ్యి చాపేది.

"తియ్యి."

"ఉండనియ్యవే. పెట్టుకుంటే ఊపిరి ఆడుతున్నట్టుంది."

"డాక్టరు కన్నా నీకెక్కువ తెలుసా? తియ్యి."

తీసేవాడు. దవడ జారిపోయి, నోరు గుంటై, గురక మునుపటి కన్నా ఘోరంగా వచ్చేది. ఆగిన ఊపిరి తిరిగి రావడానికి మునుపటి కన్నా ఆలస్యమయ్యేది. తొడిమలు తీసే ఆడవాళ్ళకి నవ్వు కూడా తగ్గింది. ఒకామె, "వదినా, ఇదేదో జబ్బు మాదిరుంది," అంది. "జబ్బా పాడా, తిండెక్కువైతే వచ్చే కునుకు," అని అమ్మ కొట్టిపారేసింది.

జబ్బే. చాలా ఏళ్ళకి నా పళ్ళకి తెల్ల తొడుగులు వేయించుకోవడానికి గుంటూరు పోతే, ఆ డాక్టరమ్మ, మీ ఇంట్లో ఎవరికైనా గురక ఉందా అని అడిగింది. చెప్పాను. స్లీప్ ఆప్నియా అంటారంది. నిద్రలో గొంతు మూసుకుపోయి గాలి ఆగుతుందని, రాత్రి అలా జరిగినవాళ్ళు పగలంతా తూలుతుంటారని, పళ్ళన్నీ పోయినవాళ్ళలో దవడకి ఆనిక లేక నాలుక వెనక్కి పడి ఇంకా ఎక్కువ కావచ్చునని చెప్పింది. ఇప్పుడు దవడని ముందుకు పట్టి ఉంచే సెట్లు పళ్ళ డాక్టర్లే చేసి ఇస్తారట. మంచిదే. నాన్న నిద్రలోనే పోయాడు. ఆరోజు కూడా పళ్ళు గ్లాసులోనే ఉన్నాయి.

నేను చెప్పదలుచుకున్నది చావు గురించి కాదు, ఫోటో గురించి.

పళ్ళు కట్టించుకున్నాక నాన్న కొన్నాళ్ళు ఆగి, ధైర్యం చేసి అడిగాడు. అమ్మ సరేనంది. అంత తేలిగ్గా ఒప్పుకోవడం చూసి నాన్న నమ్మలేక రెండోసారి అడిగాడు. శివరాత్రికి కోటప్పకొండ పోయి, మర్నాడు నరసరావుపేటలో స్టూడియోకి పోదామనుకున్నారు. కొండ కింద ప్రభల మధ్య నాన్న రాత్రంతా జాగారం చేశాడు. ఆయన ఎలా మెలకువగా ఉన్నాడో ఆ త్రికోటేశ్వరుడికే తెలియాలి. పడుకుంటే అమ్మ పళ్ళు తీయమంటుందని కూడా అయ్యుండొచ్చు.

స్టూడియో ఒక సాయిబుగారిది. వెనక నెమళ్ళ తెర, ముందు రెండు కుర్చీలు, అటూ ఇటూ కణకణలాడే పెద్ద బల్బులు. అమ్మ పట్టుచీరలో మహారాణిలా కూర్చుంది. నాన్న పక్కన కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, అద్దంలో నేర్చుకున్నట్టే పెదాలు సాగదీసి పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. నేను గోడ పక్క బల్ల మీద ఉన్నాను. నాన్న ఎంత బాగున్నాడో! నిజంగానే బాగున్నాడు.

"ఒక్క నిమిషం, రీలు మార్చాలి," అని సాయిబుగారు లోపలికి పోయాడు.

ఆ వేడికి, ఆ జాగారానికి, ఆ నిమిషం చాలు. నాన్న తల పక్కకి వాలింది. నోరు తెరుచుకుంది. పైసెట్టు జారి కింది పెదవి మీదికి వచ్చి ఆగింది. గురక మొదలైంది.

సాయిబుగారు తిరిగొచ్చి ఆగిపోయాడు. "అమ్మా, అయ్యగారిని లేపండి."

అమ్మ నాన్న వంక తిరిగి చూసింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత నవ్వు తన్నుకొచ్చింది. "లేపేదేంది, అట్టాగే తియ్యండి," అంది.

"బాగోదమ్మా."

"తియ్యమన్నానా? తియ్యండి."

నాన్నని లేపుదామని నేను బల్ల దిగి పోతుంటే, చెయ్యి చాపి నా జబ్బ మీద గిచ్చింది, రక్తం చిమ్మేలా. సాయిబుగారు తల వంచుకుని మీట నొక్కాడు. ఆ చప్పుడుకి నాన్న లేచి, బొటనవేలితో పళ్ళు లోపలికి నెట్టుకుని, కంగారుగా చుట్టూ చూశాడు.

"అయిందా? బాగా వచ్చిందా?"

"చానా బాగా వచ్చింది," అంది అమ్మ.

బస్సులో నాన్న కండక్టరుకి కూడా చెప్పాడు, మా ఇంటిదీ నేనూ ఫోటో దిగామని.

వారం తర్వాత ఫోటోకి ఆయనే పోయాడు. ఆవేళ అమ్మ పొద్దున్నుంచీ అరుగు మీదే ఉంది, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళని పిలిచి కూర్చోబెట్టుకుంది. పొద్దువాలే వేళకి నాన్న వచ్చాడు. ఫోటోకి అప్పటికే అద్దం, చట్రం కట్టించి తెచ్చాడు. నేరుగా లోపలికి పోయి, గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడకి మేకు కొట్టి తగిలించాడు. ఆడవాళ్ళు తొంగిచూసి నోళ్ళు నొక్కుకున్నారు. అమ్మ నవ్వబోయి ఆగింది.

"మతి పోయిందా ఏంది? దాన్ని ఎవరన్నా గోడకి కొడతారా? తీసెయ్యి."

నాన్న వెనక్కి జరిగి, తల వంచి చూశాడు. "నువ్వు చానా బాగా పడ్డావే," అన్నాడు. "ఇద్దరం ఉన్నది ఇదొక్కటేగా. ఉండనియ్యి."

అమ్మ మాట ఆయన వినకపోవడం అదొక్కసారే. ఆవిడ ఎన్ని విధాల అడిగినా, తర్వాత ఏడ్చినా తీయలేదు, ఆయన పోయాక తీద్దామంటే నేను తీయనివ్వలేదు. ఇంటికి వచ్చినవాళ్ళు ముందు పళ్ళు జారి నిద్రపోతున్న మొగుణ్ణి చూసి నవ్వేవారు. తర్వాత వాళ్ళ చూపు పక్క కుర్చీలో నవ్వుతున్న పెళ్ళాం మీద పడేది, అక్కడితో వాళ్ళ నవ్వు ఆగిపోయేది.