ఎముకల్లేని రెండు గాలిపటాలు

నిన్న ఒక గాలిపటం పరువూ నా పరువూ ఒకేసారి పోబోయాయి. గాలిపటానిది దక్కింది. టీ తాగుతూ వినండి. ప్లేట్లో వడియాలు కూడా ఉన్నాయి, మొహమాటపడకండి.

మా చెల్లెలి కూతురు స్వాతి ఇక్కడే, మన హిందీ ఊళ్లోనే, ఉక్కు ప్లాంటులో ఇంజినీరు. సెలవు దొరికితే చాలు, తమిళనాడు సముద్రానికి పోయి కైట్‌బోర్డింగ్ చేస్తుంది. కాళ్ల కింద పలక, నడుముకు తగిలించిన తాళ్ల చివర మా కాసిడీహ్ పేటలోని ఇంటి ముందుగదంత గాలిపటం. అది లాగుతుంటే నీళ్ల మీద జారుకుంటూ పోవడమే. మామూలుగా ఆ గాలిపటానికి ముందు అంచున గాలి నింపే లావుపాటి గొట్టం, దానికి అడ్డంగా పక్కటెముకల్లా చిన్న గొట్టాలు ఉంటాయి. స్వాతివి 'స్ట్రట్‌లెస్'. ఎముకల్లేవు! ముందు గొట్టం ఒక్కటే. గాలి తీసేస్తే దుప్పటిలా పడుకుంటాయి. నా కొంప ముంచింది ఈ సుగుణమే.

అలాంటివి ఆమెకు రెండున్నాయి. ఒకటి పాత వెర్షన్, ఒకటి కొత్తది. రంగు ఒకటే, కొలత ఒకటే. వెర్షన్ పేరు సంచుల మీద తప్ప ఎక్కడా లేదు.

మొన్న పొద్దున్నే రెండూ నాకప్పగించి వెళ్లింది. "మావయ్యా, రేపు సాయంత్రం ట్రైన్. నేను షిఫ్ట్ నుంచి డైరెక్టుగా స్టేషన్‌కి వచ్చేస్తా. రెండింటికీ చిల్లులున్నాయేమో చూసి, కొత్తది తెచ్చెయ్. పాతది మాత్రం వద్దు. దాని వాల్వు మీద భరోసా లేదు. సముద్రం మధ్యలో గాలి దిగిపోతే ఈదుకుంటూ రావాలి."

చిల్లులు చూసి ఊరుకోవలసింది. కానీ పేపరాఫీసు డెస్కులో జీవితమంతా రెండు ప్రూఫులు పక్కపక్కన పెట్టుకున్నవాణ్ని. రెండింటినీ డాబా మీద పరిచాను. 'పాత', 'కొత్త' అని చీటీలు రాసి ఇటుకల కింద పెట్టాను. తేడాలు రాద్దామని కూర్చున్నాను. స్వాతి చెప్పిన తేడా ఒకటే: ఎగిరేటప్పుడు పాతదాని వెనకంచు పటపటలాడుతుంది, కొత్తది గమ్మున ఉంటుంది. నేలమీద రెండూ గమ్మునే ఉన్నాయి.

కళ్లజోడు కోసం కిందికి దిగాను. ఫోన్ మోగింది. పాత సహోద్యోగి. ఇక చెప్పాలా?

తిరిగి పైకొచ్చేసరికి మా ఆవిడ సరోజ రెండింటి మీదా వరసలు వరసలుగా వడియాలు పెట్టేసి ఉంది!

"ఏటిది?" అన్నాను.

"ఏటేటి? బియ్యప్పిండి వడియాలు. ఏటా దుప్పటి పరవండి మొర్రో అంటే ఏడుత్తూ పరుత్తారు. ఈసారి అడక్కుండా రెండు పరిచేరు. సంతోషమేసి పిండి రెట్టింపు ఉడకబెట్టేను."

"అవి గాలిపటాలు!"

సరోజ రెండింటినీ ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. "పుల్లలేవి మరి?"

నేను వంగి ఇటుకల కింద వెతికాను.

"పోనీ, చీటీలేవి?"

"ఏ చీటీలు? ఇటకల కింద చెత్త కాయితాలుంటే ఊడ్సేసేను."

పచ్చివి గీకితే గుడ్డంతా పిండవుతుందని సరోజ నన్ను వాటిని తాకనివ్వలేదు. ఫొటో తీసి స్వాతికి పంపాను.

"మావయ్యా, యే క్యా హై? సఫేద్ సఫేద్ క్యా లగా హై?"

ఆ తెల్లతెల్లనివి వడియాలని చెప్పాను. వెంటనే కొత్తదేదని అడిగింది: "ఔర్ నయా వాలా కౌన్సా హై?"

వడియాల సందుల్లో వేలు పెట్టి నొక్కి చూశాను. ఎడమది మెత్తగా ఉంది, కుడిది గరగరలాడుతోంది. వాడేకొద్దీ మెత్తబడుతుందా, గట్టిపడుతుందా? నా పాత చొక్కాలు మెత్తన. నా పాత తువాళ్లు గరుకు. సాక్ష్యం రెండువైపులా సమానంగా ఉంది. చాలాసేపు ఊగిసలాడి తువాళ్ల వైపు మొగ్గాను. 'ఎడమదే కొత్తది. ధ్రువీకరించడమైనది' అని మెసేజ్ పెట్టాను.

మన ఎండ సంగతి తెలుసుగా. నిన్న మధ్యాహ్నానికి వడియాలు గలగలలాడాయి. సరోజ కుడిదాని అంచు పట్టి దులిపింది. అన్నీ జలజలా రాలిపోయాయి. ఎడమదాన్ని దులిపింది. ఒక్కటీ కదల్లేదు.

"ఏవండీ, ఒకటేమో మంచిది, ఇంకోటేమో చిరుగుపాతా పరిచేరేటి? పీకితే ఇరిగిపోతన్నాయి!"

స్వాతికి ఫోన్ చేశాను. "ఏమ్మా, ఆ గుడ్డకి పూత లాంటిదేమైనా ఉంటుందా?"

"ఉంటుంది మావయ్యా. పాతదానికి పోయింది. తడి పీల్చేస్తుంది. ఎందుకు?"

"ఏం లేదు," అన్నాను. పెట్టేసి వెంటనే మెసేజ్ పంపాను: 'సవరణ: ఎడమది అన్నచోట కుడిది అని చదువుకోగలరు.' డెస్కులో ఎన్నో సవరణలు వేశాను. వడియం ఆధారంగా వేసింది ఇదొక్కటే.

కుడిదాన్ని తడిగుడ్డతో తుడిచి, మడతపెట్టి, స్టేషన్లో స్వాతి చేతికిచ్చాను. ఇవాళ పొద్దున్న ట్రైన్ నుంచి ఫోన్. "మావయ్యా, బ్యాగ్ ఓపెన్ చేస్తే కోచంతా జీలకర్ర వాసన! పక్క బెర్త్ ఆంటీ టిఫిన్ ఏంటని అడుగుతోంది."

నేనప్పుడు డాబా మీద పాతదాని వెనకవైపు నీళ్లు చిలకరిస్తూ, అంటుకున్న వడియాలు ఒక్కొక్కటే ఊడదీస్తున్నాను. శిక్ష సరోజ వేసింది. ఎండబెట్టి వేయించింది కూడా తనే.

అందుకే, ప్లేట్లో కొన్ని ముక్కలుగా ఉన్నాయేమని అడక్కండి. అవి పాత వెర్షన్‌వి. కొత్త వెర్షన్‌వి గుండ్రంగా ఉంటాయి. ఈసారి నిజంగానే ధ్రువీకరించుకున్నాను.