మూలలు తేలిన గోవింద నామం

ఇరవై రెండేళ్ల వయసులో దేవుడికి నా సేవ అత్యవసరమని గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇప్పటికీ నమ్ముతాను, ఆయనకంత తొందర లేదని మాత్రం తెలిసొచ్చింది.) గుజరాతీల గడ్డ మీద, పాండేసర బట్టల మిల్లులో కంప్యూటర్ మీద చీరల అంచులు గీయడం నా ఉద్యోగం, శనివారం సాయంత్రం దగ్గర్లోని భేస్తాన్‌లో, వలసొచ్చిన మన తెలుగువాళ్లతో భజన. అక్కడ అందరికీ పెద్ద మా భజన తాత. నామమూ నామీ, అంటే పేరూ ఆ పేరుగల దేవుడూ, ఒకటేనని, నామం రాసిన కాగితం కాలికి తగిలితే కళ్లకద్దుకోవాలని మాకు నూరిపోశాడు. ఆయనే నాకు భజన మండలి బ్యానర్ రాసే పని అప్పగించాడు.

అప్పట్లో తెలుగు అక్షరాలు నా కంటికి భోంచేసి కునుకు తీస్తున్న మామయ్యల్లా కనిపించేవి. వాళ్లను లేపి నిలబెడదామని, ఒక్క వంపు లేకుండా అన్నీ నిలువు గీతలతో, ఏటవాలు గీతలతో ‘గోవిందా’ అని కూర్చాను. సున్నాని కతర్‌గామ్‌లో సానబట్టిన వజ్రంలా నాలుగు మూలలతో నిలబెట్టాను. దాన్ని మిల్లు కంప్యూటర్‌లో దాచుకుని, జ్వరమొచ్చి వారం పడుకున్నాను. ఈలోగా అచ్చు పని చూసే మా గుజరాతీ మాస్టర్ అది కొత్త అంచనుకుని, వరసగా పేర్చి చీరల మీద అచ్చు వేయించేశాడు. “బఢియా బోర్డర్ హై, భాయ్,” అని తిరిగొచ్చిన నా భుజం తట్టాడు. చీరలు అప్పటికే బజారుకెక్కాయి.

ఆ శనివారం తాత భార్య, మేమంతా అవ్వ అని పిలిచే ఆవిడ, ఆ చీరే కట్టుకుని భజనకు వచ్చింది. అడుగడుక్కీ గోవిందుడు ఆవిడ పాదాల కింద నలుగుతున్నాడు. నేను అంచు పైకెత్తుదామని వంగితే, “సల్లగుండు బిడ్డా,” అని తల మీద చెయ్యి పెట్టింది.

“ఏందిరా, ఏం పోగొట్టుకున్నవ్ ఆడ?” అన్నాడు తాత.

“తాతా, అవ్వ చీర అంచు మీద దేవుని పేరున్నది. నేను రాసిందే. కాళ్ల కింద పడుతున్నది. మహాపాపం.”

తాత అద్దాలు పెట్టుకుని, అంచు చేతిలోకి తీసుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. “ఏడున్నది? ఇటుకల గోడ లెక్కున్నది గద.”

“గీడ చూడు. గో... వి... గిది సున్న.”

“సున్నకు మూలలెక్కడియిరా?”

“కొత్త తీరు అక్షరాలు తాతా.”

తాత అద్దాలు తీసి తీర్పు చెప్పాడు. “చదవరానిది నామం గాదు. దోషం లేదు. పో, తాళాలందుకో. బ్యానర్ ఇంకెవరితోనన్న రాయిద్దాం.”

నేనొప్పుకుంటానా? “దోషమే తాతా. మంచిగ చూడు, చదవొస్తది,” అని బతిమాలాను.

“పాపం లేదంటే ఏడుస్తవేందిరా?” అంది అవ్వ, అంచు దులిపి కూర్చుంటూ. మండలి అంతా నవ్వింది. నేను మాత్రం ప్రసాదం ముట్టకుండా ఇంటికొచ్చేశాను.

ఇప్పుడా కుర్రవాడు గుర్తొస్తే జాలేస్తుంది. దేవుడి పటం ముందు నిలబడి, తనను పాపిగా ఒప్పుకోమని అంతసేపు వాదించాడు. పొరపాటున నెగ్గి ఉంటే నరకానికే పోయేవాడేమో. పోయినా, గుమ్మం మీద బోర్డు లేదని చూసి, నేను రాసిపెడతానంటూ అక్కడివాళ్లను ముందు స్కేలు అడిగి ఉండేవాడు.